సిమెంటు కాదన్నా, జీఎస్టీ!

2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టర్ ఆఫీసులో ఫైళ్లు కాలితే, మర్నాడే డీజీపీ హెలికాప్టర్‌లో దిగారు. పుంగనూరులో మామూలోడి ఇల్లు అంటుకుంటే దిగేది ఇన్సూరెన్స్ సర్వేయరు. అదీ దిగితే! క్లెయిమ్ చెప్పిన 24 గంటల్లో సర్వేయరును వేయాలని, 15 రోజుల్లో రిపోర్టు రావాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ రూలు.

సర్వేయరుకు లైసెన్సుంది. ఇంటి పాలసీకి ‘భారత్ గృహ రక్ష’ అని గంభీరమైన పేరుంది. లేనిదల్లా మేస్త్రీ దగ్గర కాయితం. ‘గుర్తింపున్న కాంట్రాక్టరు ఎస్టిమేటు, జీఎస్టీ బిల్లు పెట్టండి’ అంటాడు సర్వేయరు. కుప్పం మేస్త్రీ ఏమో పెళ్లిపత్రిక వెనక పెన్సిలుతో ఇటుక, ఇసుక, కూలి, టీలు అని గీకి ఇస్తాడు. జీఎస్టీ ఏదంటే, ‘అది ఏ కంపెనీ సిమెంటన్నా?’ అంటాడు. మూడు రాష్ట్రాల్లో గోడలు నిలబెట్టినోడి లెక్క ఒక్క టేబులు మీద నిలబడదు!

అయ్యా, గోడ మళ్లీ లేపకముందే ఫొటోలు తీసుకోండి, ఇటుక బిల్లు కూడా పారేయకండి. క్లెయిమ్ కొట్టేస్తే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నెలలో తేలకపోతే హైదరాబాదులోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు పంపండి. అక్కడ ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు.