ఆఖరి వరస దాకా

నేను లెగ్ హార్మోనియాన్ని. ఊరు గుడివాడ, పని పద్యనాటకాలకి శ్రుతి పట్టడం. కాళ్లతో తొక్కితే నా తిత్తుల్లోకి గాలి వస్తుంది కాబట్టి మేష్టారికి రెండు చేతులూ మెట్ల మీదే ఉంటాయి. నన్ను స్టేజి వారగా, పరదా అంచుకి కాస్త ముందు పెడతారు. అక్కణ్ణుంచి ఆర్టిస్టు మొహమూ కనబడుతుంది, జనం మొహాలూ కనబడతాయి. పాడేవాడికి జనం మీద ఏపాటి గౌరవం ఉందో తెలుసుకోవాలంటే అంతకంటే మంచి చోటు లేదు.

కోతలయ్యాక సంక్రాంతికి మొదలయ్యే మా సీజను శివరాత్రి, శ్రీరామనవమి పందిళ్ల మీదుగా ఎండల దాకా సాగుతుంది. ఎక్కువగా ఆడేది కురుక్షేత్రం, అదీ కాంట్రాక్టు నాటకం. పడక సీనుకి ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు, యుద్ధానికి మరొకరు. తలా ఒక ఊరి నుంచి బస్సు దిగి వస్తారు. రిహార్సలంటూ ఉండదు. మేకప్ గదిలో "తమరిది ఎన్నో శ్రుతండీ?" అని మేష్టారు అడుగుతారు. ఒకరు ఐదంటారు, ఇంకొకరు ఆరంటారు. అంతటితో సరి.

ఈ జనానికి పద్యం కొత్త కాదు. తిరుపతి వెంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రిగారు బందరు హిందూ హైస్కూల్లో తెలుగు పండితులుగా పనిచేశారు. వాళ్ల పాండవోద్యోగ విజయాల్లోని పద్యాలు ఈ జిల్లాలో అక్షరం రానివాళ్లకి కూడా నోటికి వచ్చు. ఒకసారి రాయబారం సీన్లో కృష్ణుడికి నాలుగో పాదం తట్టలేదు. మేష్టారు నన్ను అదే స్వరం మీద నిలబెట్టి ఆగారు. గోనెపట్టా మీద కూర్చున్న ఒక పెద్దాయన కింది నుంచి ఆ పాదం ఎత్తుగడ అందించాడు. కృష్ణ వేషంలోనే ఆ ఆర్టిస్టు ఆయనకి చేతులెత్తి దణ్ణం పెట్టి, పద్యం మళ్లీ మొదటినుంచి ఎత్తుకుని పూర్తిగా పాడాడు. పందిరి పందిరంతా ఆ కృష్ణుడి పక్షమైపోయింది. మరో ఊళ్లో ఇలాగే అందిస్తే ఇంకో కృష్ణుడు "వస్తే నువ్వే వచ్చి పాడు" అని మైకులోనే కసిరాడు. ఆ తర్వాత ఆయన ఎంత గొప్పగా పాడినా ఒక్క చప్పట్టూ పడలేదు.

వన్స్ మోర్ సంగతి చెప్పాలి. అడిగితే పాడాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. పొలం పనులు చేసుకుని, పిల్లల్ని చంకనేసుకుని వచ్చినవాళ్లు మళ్లీ వినాలనుకుంటే అది వాళ్ల హక్కు. కానీ అడక్కుండానే ఒక్కో పాదం చివరా రాగం సాగదీసి, చప్పట్లు పడేదాకా దిగకుండా ఉండేవాళ్లని చూశాను. పడక సీనే రెండు గంటలు తినేస్తుంది. తెల్లారిపోతోందని యుద్ధం సీన్లో పద్యాలు కోసేస్తారు. ఆ పద్యాల కోసమే నిద్ర ఆపుకుని కూర్చున్నవాళ్లకి ఏం సమాధానం చెప్తాం? అక్కడ అన్యాయం అయ్యేది వాళ్లకి, వేషం కట్టుకుని వింగులో నిలబడ్డ అర్జునుడికీ.

ఈ విషయంలో ఘంటసాలగారి దారే నాకు నచ్చుతుంది. ఆయన 1922లో పుట్టిన చౌటపల్లి మాకు దగ్గరే. తండ్రి సూరయ్యగారు మృదంగం వాయిస్తూ తరంగాలు పాడుతుంటే ఆ పసివాడు నాట్యం చేసేవాడట. పాడేవాళ్లూ వినేవాళ్లూ ఒకే చాప మీద కూర్చునే భజనల్లో మొదలైన సంగీతం అది. సినిమాకి వెళ్లాక ఆయన పద్యంలో రాగం తగ్గించి, ప్రతి మాటా, ప్రతి విరుపూ వినేవాడికి అందేలా పాడారు. రాగం గొంతు బలం చూపిస్తుంది. మాట అర్థమైతేనే పద్యం వినేవాడిదవుతుంది.

మా హార్మోనియాల జాతిని 1940లో ఆలిండియా రేడియో వెలేసింది. స్వరానికీ స్వరానికీ మధ్యనుండే గమకం మాకు పలకదన్నారు. 1971 దాకా ఆ నిషేధం నడిచింది. వాళ్లన్నది నిజమే, గమకం గొంతు చూసుకోవాలి. కానీ మైకులు లేని రోజుల్లో పందిరి ఆఖరి వరసకి శ్రుతి చేర్చింది మేమే. అందుకే నాటకం మమ్మల్ని వదల్లేదు.

చదివింపుల వేళ మనిషి బాగా బయటపడతాడు. పెద్దనోటు కనబడగానే పాదం మధ్యలో ఆపేసేవాళ్లున్నారు. నాకు గుర్తున్న ఒక సత్యభామ వేషధారి పద్యం పూర్తయ్యేదాకా కళ్లతోనే "ఆగండి" అని చెప్పి, అయ్యాక స్టేజి అంచుకి వచ్చి వంగేది. కొంగుముడి విప్పి పదిరూపాయలిచ్చిన ముసలమ్మ దగ్గరా, ఐదొందలు పిన్నుతో గుచ్చిన పెద్దమనిషి దగ్గరా అదే వంగడం, అవే రెండు చేతులు.

ఇప్పుడు కీబోర్డులొచ్చాయి, సినిమాపాటల ఆర్కెస్ట్రాలొచ్చాయి. నాటకాలు తగ్గాయి, వచ్చేవాళ్లూ తగ్గారు. పోయిన సంక్రాంతి మంచులో నా మెట్లు ఉబ్బి పైకి లేవలేదు. ఒక రీడు కింద దుమ్ము చేరి గరగరమంటే, మేష్టారు పల్చటి కాగితం దూర్చి లాగారు. యుద్ధం సీను వచ్చేసరికి పందిట్లో అక్కడక్కడా దుప్పట్లు కప్పుకుని కొంతమందే మిగిలారు. కమిటీ కుర్రాడొకడు వింగులోకి వచ్చి "జనం లేరు బాబాయ్, రెండు పద్యాలతో తేల్చెయ్యండి" అన్నాడు. అర్జునుడు తొంగి చూశాడు. "కూర్చున్నవాళ్లున్నారుగా, ఏదీ తగ్గించను" అని స్టేజి మీదికి వచ్చి, "వెనకున్నవాళ్లు ముందుకి రండి బాబూ, మంచు పడుతోంది" అని మైకులో పిలిచాడు. వాళ్లు చాపలు లాక్కుని వచ్చి సర్దుకునేదాకా ఆగి, మేష్టారితో "ఆరు పట్టండి" అన్నాడు.