మా తోడల్లుడి స్టార్టప్

మా తోడల్లుడికి వ్యాపారం లేదు. వ్యాపారానికి రావలసిన రాయితీలు మాత్రం అన్నీ కంఠతా వచ్చు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు పెద్దలు. ఇతను సోమలింగానికి పాన్ కార్డు కూడా తీయించాడు.

ఈ రకం మనుషులు మీకు కొత్త కాదు. పూర్వం కోళ్ళఫారం సబ్సిడీ అనీ, బోరు సబ్సిడీ అనీ మండలాఫీసు చుట్టూ తిరిగేవారు. ఇప్పుడు వీపుకి ల్యాప్‌టాప్ సంచీ తగిలించుకుని తిరుగుతున్నారు. ఒక్కటే తేడా. కోళ్ళఫారం వాళ్ళ దగ్గర కనీసం నాలుగు కోళ్ళుండేవి.

మా వాడికి ఈ జబ్బు ఎప్పుడు తగులుకుందో నాకు తేదీతో సహా తెలుసు. 2016 జనవరి 16, కనుమ పండుగ. మామగారింట్లో మినపగారెలు దిట్టంగా తిని అందరం తలో మూలా చేరగిలబడ్డాం. టీవీలో ప్రధానమంత్రి ఢిల్లీ విజ్ఞాన్ భవన్ నుంచి స్టార్టప్ ఇండియా గురించి చెబుతున్నారు. మూడేళ్ళ లాభాల మీద పన్ను ఉండదన్న మాట చెవిన పడగానే ఇతను దిగ్గున లేచి కూర్చున్నాడు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. ఇతను ఆ రాత్రే హైదరాబాదు బస్సెక్కేశాడు.

ఆ మూడేళ్ళే మా ప్రాణాలు తీశాయి. పాత పన్ను చట్టంలో సెక్షన్ 80-ఐఏసీ కింద అర్హత దొరికిన కంపెనీ, పుట్టిన పదేళ్ళలోపు వరుసగా ఏ మూడేళ్ళయినా ఎంచుకోవచ్చు. ఆ మూడేళ్ళ లాభానికి నూటికి నూరుపాళ్ళూ మినహాయింపు. ఎంచుకోమనడమే సర్కారు చేసిన పొరపాటు.

"అన్నయ్యగారూ, నాలుగు, ఐదు, ఆరు తీసుకోమంటారా, ఏడు, ఎనిమిది, తొమ్మిదా? తొందరపడి ముందే వాడేసుకున్నాక లాభాలు విరగబడ్డాయనుకోండి, అప్పుడేం చెయ్యాలి?"

"ముందు లాభమంటూ రావాలి కదయ్యా."

"ఇదేనండీ మీతో చిక్కు. నేను పన్ను గురించి మాట్లాడుతుంటే మీరు ఆదాయం దగ్గరికి వెళ్ళిపోతారు."

ఏంజెల్ టాక్స్ సంగతి ఇంకా విచిత్రం. లెక్కగట్టిన విలువకు మించి షేర్లు అమ్మి డబ్బు తెచ్చుకుంటే ఆ తేడాను కంపెనీ ఆదాయంగా చూసి పన్ను వేసేవారు. 2012లో వచ్చిన నిబంధన అది. నిజంగా దెబ్బతిన్న కంపెనీలు చాలానే ఉన్నాయి, గగ్గోలూ పెట్టాయి. ఏ ఇన్వెస్టరూ గుమ్మం తొక్కని మా వాడు అందరికంటే గట్టిగా పెట్టాడు. ఏళ్ళ తరబడి నిద్రపోలేదు. 2024 జూలై బడ్జెట్‌లో నిర్మలా సీతారామన్ దాన్ని ఎత్తేస్తున్నామని ప్రకటించగానే అపార్ట్‌మెంటంతటికీ తాపేశ్వరం కాజాలు పంచాడు. ఎంత మిగిలిందయ్యా అని అడిగితే, "కట్టాల్సొస్తే ఎంతయ్యేదో ఊహించుకోండి" అన్నాడు. కాజా నోట్లో ఉంది కనక నేనేమీ అనలేదు.

కంపెనీ ఒకటి పెట్టాడు, కాదనను. 2021లో సీడ్ ఫండ్ పథకం వచ్చింది. మొత్తం 945 కోట్లు, ఇంక్యుబేటర్ల చేతుల మీదుగా ఒక్కో కంపెనీకి 20 లక్షల దాకా గ్రాంటు. దరఖాస్తు నాటికి కంపెనీ పుట్టి రెండేళ్ళు దాటకూడదని షరతు. మా వాడు దరఖాస్తుకి మెరుగులు దిద్దుతూ ఉండగానే రెండేళ్ళూ నిండిపోయాయి. పిల్లలకి రెండేళ్ళు నిండితే కేకు కోయిస్తాం. ఇతను ఆ కంపెనీని మూయించి ఇంకోటి పెట్టాడు. పన్ను మినహాయింపు 2030 ఏప్రిల్ 1 లోపు పుట్టిన కంపెనీలకూ వర్తిస్తుందని 2025 బడ్జెట్‌లో గడువు పొడిగించారు కాబట్టి కంగారేమీ లేదట.

రెండో కంపెనీకి సరుకు కావాలి. తణుకు దగ్గర మామగారి రైస్‌మిల్లు మీద కన్ను పడింది. తవుడు గదిలో వేడి కొలిచే సెన్సరొకటి బిగించి, ఆ గదిని విడగొట్టి అగ్రిటెక్ అందామన్నాడు. మామగారు గోడకి వేలాడుతున్న ఆ డబ్బాని కాసేపు పరకాయించి చూసి, "తవుడికి జ్వరమేమన్నా వచ్చిందాండీ అల్లుడుగారూ?" అన్నారు. ఉన్న వ్యాపారాన్ని చీల్చి పెట్టిన కంపెనీని స్టార్టప్‌గా గుర్తించరన్న నిబంధన అడ్డొచ్చింది కాబట్టి మిల్లు దక్కింది.

తరవాత వంతు మా మరదలిది. ఇంటిస్థలం అమ్మగా వచ్చిన సొమ్మును అర్హత గల స్టార్టప్ షేర్లలో పెడితే క్యాపిటల్ గెయిన్స్ పన్ను ఉండదు, సెక్షన్ 54-జీబీ అన్నాడు. ఆ సెక్షన్‌కున్న షరతులన్నీ రాత్రి భోజనాల దగ్గర చదివి వినిపించాడు. బాచుపల్లిలో ఆవిడ పేరు మీదున్న స్థలం సంగతి ఎవరూ ఎత్తలేదు, ఎత్తనక్కర్లేదు కూడా. ఆవిడ పప్పు వడ్డిస్తూ, "అసలు అమ్మకపోతే పన్నే ఉండదు కదండీ" అంది. ఆ సెక్షన్ గడువు 2022 మార్చి 31తో తీరిపోయింది. స్థలం ఇంకా ఉంది.

పెళ్ళి భోజనాల్లో ఇతని పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీయే. మొన్నొకాయన తెలియక కూర్చున్నాడు. ఆయనకి పదివేల కోట్ల ఫండ్ ఆఫ్ ఫండ్స్ గురించి పాఠం మొదలైంది. ఆ సొమ్ము సిడ్బీ నేరుగా స్టార్టప్‌లకివ్వదు, సెబీ దగ్గర నమోదైన ఫండ్లకిస్తుంది, ఆ ఫండ్లు అందుకు రెట్టింపు స్టార్టప్‌లలో పెట్టాలి. "గోదారి నీళ్ళు కాలవకి, కాలవ నుంచి బోదెకి, బోదె నుంచి చేలోకి!" అన్నాడు మా వాడు, చేత్తో విస్తరాకు మీద సాంబారు దారి చూపిస్తూ. "మీ చేనెక్కడండీ?" అని అడిగాడాయన. మా వాడు పెరుగు కోసం కేకేశాడు.

నా కోపమల్లా వేరే. టీ-హబ్ ఉన్న హైదరాబాదులో చిరునామా ఉండాలని మొదటి కంపెనీకి మా ఫ్లాట్ కరెంటు బిల్లు పట్టుకుపోయాడు. ఇద్దరు డైరెక్టర్లు ఉండాలి కాబట్టి నా సంతకమూ పట్టుకుపోయాడు. ఆ కంపెనీ పోయి చాలాకాలమైనా దానికొచ్చే ఉత్తరాలు మా ఇంటికే వస్తున్నాయి. 2025 ఆగస్టులో మంగళగిరిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ మొదలయ్యాక మనసు అటు తిరిగింది. ఇప్పుడు రెండు రాష్ట్రాల పాలసీలూ పక్కపక్కన పెట్టుకుని, సొంతగడ్డ మీద మమకారం ఎటు ఎక్కువుందో లెక్కేసుకుంటున్నాడు.

అయినా తిట్టబోతే భీమవరం కుర్రాడొకడు గుర్తొస్తాడు. రొయ్యల చెరువులో ఆక్సిజన్ కొలిచే పరికరం చేసుకుని, కాగితాలంటే భయపడి కూర్చున్నవాడు. మా వాడు వారం రోజులు రాత్రిళ్ళు కూర్చుని, స్టార్టప్‌గా గుర్తించమని డీపీఐఐటీకి పెట్టే దరఖాస్తు నింపాడు, స్టార్టప్‌లకి పేటెంటు ఫీజులో 80 శాతం తగ్గింపు ఉందని చెప్పి అదీ దగ్గరుండి చేయించాడు. పైసా పుచ్చుకోలేదు. ఆ కుర్రాడికి ఒక్క సెక్షన్ నంబరూ తెలీదు, పొద్దస్తమానం చెరువు గట్ల మీదే ఉంటాడు, కంపెనీ నడుస్తోంది. అలాంటివాళ్ళు ఇంకా నలుగురైదుగురున్నారు.

"ఈ పనికే ఫీజు పెట్టయ్యా, బాగుపడతావు" అన్నాను.

"అందులో ఇన్నోవేషన్ లేదన్నయ్యగారూ, డీపీఐఐటీ ఒప్పుకోదు."

2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం. సెక్షన్లు 819 నుంచి 536కి తగ్గాయి, నంబర్లన్నీ మారిపోయాయి. పదేళ్ళు వల్లెవేసినదంతా గోదాట్లో కలిసింది. మా వాడు లావుపాటి పుస్తకం కొనుక్కొచ్చి మళ్ళీ ఒకటో సెక్షన్ నుంచి మొదలుపెట్టాడు. మీలో ఎవరికైనా స్టార్టప్ పెట్టే ఆలోచనుంటే నిక్షేపంగా అతన్ని అడగండి, అంత ఓపిగ్గా చెప్పేవాడు మీకు దొరకడు. మీ ఇంటి కరెంటు బిల్లు మాత్రం అతని కంట పడనివ్వకండి.