ఈ బెల్లం ఎవులిది?

మా మావయ్య నలభై ఏళ్లు అనకాపల్లి బెల్లం మార్కెట్లో కొలగారుగా చేశాడు. అంటే తూకం వేసేవాడన్నమాట. దిమ్మ కాటా ఎక్కేలోపు ఆయన మూడు ప్రశ్నలు అడిగేవాడు. ఈ బెల్లం ఎవులిది? ఏ ఊరిది? ఎవులు సూసేరు? మూడింటికీ జవాబు వచ్చాకే చిట్టాలో పద్దు పడేది. ఆయన పని మానేసి పదేళ్లయింది. కాటా అక్కడే ఉండిపోయింది, చిట్టా అక్కడే ఉండిపోయింది, ప్రశ్నలు మాత్రం ఆయనతో పాటు ఇంటికొచ్చేశాయి. ఇప్పుడు వాటిని నా ఫోను మీద ప్రయోగిస్తున్నాడు.

నేను ఆయనకి పూర్తిగా వ్యతిరేకం. చదువుకున్నవాణ్ణి కదా, ఏదైనా ఇట్టే నమ్మేస్తాను. తెర మీద ‘అంగీకరిస్తున్నాను’ అన్న మీట కనబడితే నా బొటనవేలు ఆగదు. పెళ్లిచూపుల్లో కూడా నేనంత తొందరగా తలూపలేదు.

ఒక రాత్రి కరెంటు పోయిందని టార్చిలైటు యాప్ ఒకటి వేసుకున్నాను. వెలగడానికి నా ఫోనులో ఉన్న నంబర్లన్నీ కావాలంది. ఇచ్చాను. నేనెక్కడున్నానో తెలియాలంది. చీకట్లో ఉన్నానని దానికి తెలీదు కాబోలనుకుని అదీ ఇచ్చాను. మావయ్య పక్కనే కూర్చుని అంతా చూశాడు.

“దీపానికి నూనె కావాల గానీ, సుట్టాల పేర్లెందుకురా అల్లుడా?”

దానికి నా దగ్గర జవాబు లేదు. టార్చి దగ్గరా లేదు.

ఆ పంతం కొద్దీ ఒకసారి ఆ టార్చి యాప్ ఒప్పందపత్రం మొత్తం చదివాను. రెండు కాఫీలు, ఒక కునుకు పట్టింది. సారాంశం మూడు ముక్కలు: సరుకు ఎలా ఉంటే అలా పుచ్చుకోవాలి, పనిచేస్తుందని మేము మాట ఇవ్వడం లేదు, నీకు నష్టం వస్తే మాకు సంబంధం లేదు. ఇంకో నాలుగు యాప్‌లవి తీసి చూశాను. పేర్లు వేరు, పాట ఒకటే. మావయ్యకి చదివి వినిపించాను. “ఈ మాట మన బజార్లో ఏ రైతయినా అన్నాడనుకో, దిమ్మల్ని బండి దిగనివ్వరు” అన్నాడు.

ఇక పాస్‌వర్డుల భాగవతం. ఒక పెద్దక్షరం ఉండాలట, ఒక చిన్నక్షరం ఉండాలట, ఒక అంకె, ఒక వింత గుర్తు. తెలుగువాడికి ఈ పెద్దక్షరం చిన్నక్షరం గొడవేమిటండీ? మన ‘అ’ పుట్టినప్పటినుంచీ ఒకటే సైజు. పైగా మూడు నెలలకోసారి మార్చాలి. నేను ‘బెల్లం1’తో మొదలెట్టాను. ప్రస్తుతం ‘బెల్లం19’ నడుస్తోంది. (చదివినవాళ్లు దయచేసి మరిచిపోండి. రేపు ఎలాగూ 20 చేస్తాను.) ఇవన్నీ ఒక పుస్తకంలో రాసి, అట్ట మీద ‘రహస్యం’ అని పెట్టి, పోపులపెట్టె కింద దాచాను. దొంగలకి దొరకలేదు. మా ఆవిడకి దొరికింది. వెనకపేజీలో పాలవాడి లెక్క మొదలెట్టింది.

తమాషా ఏమిటంటే ఈ నియమాలకి మూలపురుషుడొకాయన ఉన్నాడు. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థలో పనిచేసిన బిల్ బర్. 2003లో ఆయన రాసిన మార్గదర్శకమే లోకమంతా పాకింది. రిటైరయ్యాక, 2017లో, రాసినదాంట్లో చాలావాటికి ఇప్పుడు విచారిస్తున్నానని ఆయనే ఒప్పుకున్నాడు. ఎందుకంటే జనమంతా నాలాగే చివర అంకె మార్చి చేతులు దులుపుకుంటున్నారు, అది దొంగకి కూడా తెలుసు. ఆ ఏడాదే ఆ సంస్థ కూడా, రహస్యం బయటపడిందన్న ఆధారం ఉంటే తప్ప గడువు పెట్టి మార్పించొద్దని కొత్త నియమం రాసింది. ఆ కబురు నేను వాడే చోట్లకి ఇంకా చేరలేదు. పోస్టులో వేశారేమో.

పాస్‌వర్డు ఎందుకు, వేలిముద్ర ఉందిగా అంటారు. మా అత్తయ్యని అడగండి. చెరకు నరికి, గానుగ దగ్గర పొయ్యి ఎగదోసి, అరవై ఏళ్లు అంట్లు తోమి, ఆవిడ బొటనవేలి మీద గీతలు అరిగిపోయాయి. రేషను తెచ్చుకోవడానికి వెళ్తే వేలు పెట్టాలి. పెడుతుంది, యంత్రం కాదంటుంది. చీరకొంగుతో తుడిచి పెడుతుంది, కాదంటుంది. తడిచేసి పెడుతుంది, కాదంటుంది. మనిషి నిలువునా ఎదురుగా నిలబడితే, ఈవిడ ఈవిడ కాదని యంత్రం తీర్పు.

సరే, అంత నిక్కచ్చి యంత్రమే అనుకుందాం. 2018లో తెలంగాణలోని ధర్మపురిలో సిమ్‌కార్డులు అమ్మే ఒకతను ఏం చేశాడు? భూముల రిజిస్ట్రేషను పత్రాలు ఇంటర్నెట్లోంచి దించుకున్నాడు. వాటి మీద అమ్మినవాళ్లవీ కొన్నవాళ్లవీ వేలిముద్రలు ఉండేవి, పక్కనే ఆధార్ నంబరూ ఉండేది. ఆ ముద్రల్ని రబ్బరు స్టాంపుల్లా చేయించి, వాటితో వేల సిమ్‌లు యాక్టివేట్ చేసేశాడు. అదేదో పెద్ద గూఢచర్యం కాదు, అమ్మకాల టార్గెట్టు పూర్తి చేయడానికట! అరవై ఏళ్లు కష్టపడ్డ అత్తయ్య బొటనవేలుని నమ్మని ఏర్పాటు, నిన్నగాక మొన్న పుట్టిన రబ్బరు వేలుని ఆప్యాయంగా నమ్మింది. పాస్‌వర్డు పోతే ‘బెల్లం20’ చేసుకోవచ్చు. వేలిముద్ర పోతే? ఉన్నవి పదే వేళ్లు. ఆధార్‌లో వేలిముద్రలకి తాళం వేసుకునే సదుపాయం ఉంది, వేసుకోండి. కాకపోతే రేషనుకి వెళ్లేముందు తాళం తీయడం గుర్తుంచుకోవాలి. తీయడానికి ఓటీపీ వస్తుంది. ఓటీపీ వచ్చే ఫోను మనవడి దగ్గర ఉంటుంది. మనవడు హైదరాబాదులో ఉంటాడు.

మరి కాపలాకి మంచి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయిగా అనొచ్చు. ఉన్నాయి. 2024 జూలై 19న ఏమైందో గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ ఒక తప్పుడు అప్‌డేటు పంపింది. దొంగ లేడు, దాడి లేదు. ప్రపంచంలో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం ముఖం వేసుకుని కూర్చున్నాయి. కంచే చేను మేసింది, అదీ లోకమంతా ఒకే పూట. ఆ రోజు హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగు పాసులు చేత్తో రాసి ఇచ్చారు. అలాంటి పాసు ఫొటో ఒకటి చూసి మావయ్య ముఖం వెలిగిపోయింది. “సూసావా? ఆఖరికి ఇమానం ఎక్కించింది సేతిరాతే!” నలభై ఏళ్లలో తన చిట్టా ఒక్కసారీ నీలంగా మారలేదని వారం రోజులు ఊరంతా చెప్పుకు తిరిగాడు.

మా అబ్బాయి హైదరాబాదులో సాఫ్ట్‌వేరు రాస్తాడు. మిఠాయి కొట్టువాడు మిఠాయి ముట్టడన్నట్టు, సాఫ్ట్‌వేరుని వాడు నమ్మినంత తక్కువ ఇంకెవరూ నమ్మరు. వాడి ల్యాప్‌టాప్ కెమెరా మీద కోడలి బొట్టుబిళ్ల అంటించి ఉంటుంది. మొదటిసారి చూసి భక్తి అనుకున్నాను. సంక్రాంతికి వచ్చినప్పుడు వాడు తాతయ్యకి ఒక కథ చెప్పాడు.

ఎక్స్‌జెడ్ అని ఒక చిన్న సాఫ్ట్‌వేరు. ఫైళ్లని కుదించి చిన్నవి చేయడం దాని పని. లోకంలో చాలా సర్వర్ల అడుగునా ఎక్కడో ఒకచోట ఉంటుంది. దాన్ని ఏళ్ల తరబడి కూలీ నాలీ లేకుండా చూసుకుంటున్నది ఒకే ఒక్క మనిషి. ఆయన అలసిపోయాడు. అప్పుడు జియా టాన్ అన్న పేరుతో ఒకడు సాయానికొచ్చాడు. రెండేళ్లకు పైగా మంచి పని చేశాడు, నమ్మకం సంపాదించాడు, తాళాలు చేతికొచ్చాక లోపల దొడ్డిదారి పెట్టాడు. అది ఎక్కడెక్కడికో వెళ్లబోతుండగా 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఒకటి గమనించాడు. తన కంప్యూటర్లోకి లాగిన్ అవడానికి మామూలుకన్నా అర సెకను ఎక్కువ పడుతోంది. ఎందుకని తవ్వాడు. గుట్టంతా బయటపడింది.

మావయ్య కళ్లు చెమ్మగిల్లాయి. “అర సెకనా! ఆ పిల్లోడు కొలగారి ఇంట పుట్టాల్సినోడురా.” ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడు పట్టలేనివాణ్ణి అర సెకను తేడా పట్టించింది.

మావాడు ఊరుకోకుండా ఇంకో మెట్టెక్కాడు. కెన్ థాంప్సన్ అనే మహానుభావుడు, 1984లో అచ్చయిన తన ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో, ఒక బాంబు లాంటి మాట చెప్పాడట. మనం రాసిన ప్రోగ్రాము ఎంత శుభ్రంగా ఉన్నా సరే, దాన్ని యంత్రభాషలోకి మార్చే కంపైలర్లోనే మోసం దాగి ఉండొచ్చు. ఆ కంపైలర్‌తో కొత్త కంపైలర్ తయారుచేసుకున్నా మోసం అందులోకీ దూరుతుంది. రాసిన కాగితంలో మాత్రం ఎక్కడా కనబడదు. నాకు సగమే అర్థమైంది. మావయ్యకి మొత్తం అర్థమైంది.

“అంటే మోసం రసంలో లేదు, పాకంలో లేదు, పెనంలో ఉంది. కొత్త పెనం సేయించినా ఆ పాత పెనం కరిగించే కదా సేస్తారు!”

మావాడు లేచి తాతయ్య కాళ్లకి దండం పెట్టాడు. వాడికి ఇది అర్థమవడానికి నాలుగేళ్ల ఇంజినీరింగు పట్టిందట.

మా ఊరివాళ్లకి ఇంకో సంగతీ తెలుసు. తళతళలాడే పసుప్పచ్చ బెల్లం చూసి మురిసిపోయేవాడు పైఊరి బేరగాడు. ఆ మెరుపు చాలాసార్లు హైడ్రోస్ అనే మందుది, చెరకుది కాదు. తెలిసినవాడు కాస్త ముదురు రంగుది అడుగుతాడు, ముక్క విరిచి నాలిక మీద వేసుకుంటాడు. యాప్‌లూ అంతే. ఎంత నున్నగా, ఎంత రంగులీనుతూ ఉంటే నేను అంత పడిపోతాను. అసలు దానికీ నకిలీ దానికీ తేడా అడిగితే, నకిలీదే కాస్త అందంగా ఉంటుంది.

ఇంత జ్ఞానం బుర్రకెక్కాక కూడా నేనేం చేశానో చెప్పాలి. ఒక సాయంత్రం ఫోనుకి మెసేజి వచ్చింది. బిల్లు కట్టలేదు కాబట్టి ఈ రాత్రి తొమ్మిదిన్నరకి మీ కరెంటు కట్, వెంటనే ఈ ఆఫీసరుకి ఫోన్ చేయండి అని. చేశాను. ఎంత మర్యాదస్థుడో! ‘సార్’ లేకుండా మాట లేదు. ఒక యాప్ వేసుకోమన్నాడు, వేసుకున్నాను. పది రూపాయలు కట్టమన్నాడు, కట్టాను. నెంబరేదో వస్తుంది చదవమన్నాడు. నేను పంతులుగారి ముందు ఎక్కం అప్పజెప్పినట్టు చదువుతుండగా మావయ్య గుమ్మంలోకి వచ్చాడు.

అదే మెసేజి ఆయనకీ వచ్చిందట. చెప్పులేసుకుని నడిచి కరెంటాఫీసుకి పోయి, “ఈ కబురు ఎవులిది?” అని అడిగాడట. మాది కాదన్నారట. నాకు చెబుదామని అటునుంచి అటే వచ్చాడు. ఆయనకి అరిగింది చెప్పులు. నాకు అరిగింది ఖాతా, 4,900 రూపాయలు. అసలు కరెంటు పోతుందని నేనెందుకు భయపడాలి? నా దగ్గర టార్చి యాప్ ఉందిగా!

దొంగలంటే ఎక్కడో దూరదేశాల్లో ఉంటారనుకునేవాణ్ణి. 2025 మేలో మా అనకాపల్లి జిల్లా పోలీసులే ఆ భ్రమ తీర్చారు. ఇదిగో ఈ పక్కనే, అచ్యుతాపురంలో, అపార్టుమెంట్ల ఫ్లాట్లలో కాల్‌సెంటర్లు నడుపుతున్న ముఠాని పట్టుకున్నారు. 33 మంది అరెస్టు. అక్కడ కూర్చుని అమెరికావాళ్లకి ఫోన్ చేసి, అమెజాన్ నుంచి మాట్లాడుతున్నామని నమ్మించి, గిఫ్ట్‌కార్డులు కొనిపించి డబ్బు లాగేవారట. నన్ను ముంచినవాడు ఎక్కడివాడో తెలీదు గానీ, అమెరికాలో ఏ ముసలమ్మో ‘దూరదేశపు దొంగలు’ అని తిట్టుకుంటే, ఆ దూరదేశం మా ఊరి బస్సుకి గంటలోపు ప్రయాణం.

ఇదంతా విని మావయ్యకి యంత్రాలంటే పడదనుకునేరు. మార్కెట్లోకి ఎలక్ట్రానిక్ కాటా వచ్చినప్పుడు మిగతావాళ్లు గొడవపడ్డారు గానీ ఆయన పడలేదు. రోజూ పొద్దున్నే తన పాత ఇరవై కిలోల గుండు దాని మీద పెట్టి చూసేవాడు. అంకె సరిపోతే ఆ రోజుకి నమ్మేవాడు. మర్నాడు మళ్లీ పెట్టేవాడు. ఆ కాటాకి ఏటేటా తూనికలు కొలతల శాఖవాళ్లొచ్చి ముద్ర వేయాలి. ముద్ర లేని కాటా వాడకూడదు. అంటే ఒక్క బెల్లం దిమ్మ తూచే యంత్రానికి ఏడాదికోసారి పరీక్ష ఉంది. నా జీవితమంతా కూడబెట్టింది తూచే యాప్‌కి ఆ ముద్ర ఎక్కడుందో నేనూ వెతికాను, కనబడలేదు. మావయ్యది అపనమ్మకం కాదు. రోజూ గుండు పెట్టి చూసుకునే నమ్మకం. నాదే, గుండు లేని నమ్మకం.

డబ్బు పోయిందని తెలియగానే మావయ్యే నా చేత 1930కి ఫోన్ చేయించాడు. సైబర్ మోసాలకి దేశమంతటికీ అదే నంబరు. వెంటనే చేస్తే పోయిన సొమ్ము దొంగ చేతికి చేరేలోపు మధ్యలో ఆపే అవకాశం ఉంటుంది. నాది సగం ఆగింది. ఆ నంబరు ఇప్పుడు మా ఇంట్లో క్యాలెండరు పక్కన గోడమీద పెద్దక్షరాల్లో రాసి ఉంది. తెలుగు అంకెలకీ పెద్దా చిన్నా లేవు గనక, బొగ్గుతో లావుగా రాశాం.

మీరూ రాసుకోండి. దానికన్నా ముందు, ఏ లింకు మీద వేలు పడబోతున్నా ఒక్క క్షణం ఆగి మా మావయ్య ప్రశ్నలు మూడూ అడగండి: ఎవరిది, ఏ ఊరిది, ఎవరు చూశారు? ఒక్కదానికి జవాబు రాకపోయినా ఆ దిమ్మని బండి దిగనివ్వకండి.