నిద్రకు హాజరుపట్టీ

పీల్చు గాలికి ఇంకను బిల్లు రాలేదని నిశ్చింతగా నున్నవారు ఒక్కపర్యాయము అమెరికా దేశమున స్లీప్ ఆప్నియా రోగులై చూడవలయును. నిద్రలో గొంతు కండరములు సడలి, శ్వాసమార్గము మూసికొనిపోయి, గురకల నడుమ ఊపిరి 10 సెకనులకు పైగా నిలిచి, మరల ఉలికిపాటుతో మొదలగు ఈ వ్యాధికి, 1981వ సంవత్సరమున సిడ్నీ నగర వైద్యుడు కోలిన్ సలివన్ ముక్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపు ఉపాయమును ప్రకటించి లోకమునకు మహోపకారము గావించెను. ఆ తొలినాళ్లలో మాస్కును రోగి ముక్కునకు జిగురుతో అంటించెడివారు. కాలక్రమమున జిగురు పోయినది, బిల్లు అంటుకొన్నది.

ఆ బిల్లును రచించినవారి సూక్ష్మదృష్టిని కొనియాడక తీరదు. మన కంటికి మాస్కు ఒక్క వస్తువు. వారికది వేరుపడిన ఉమ్మడి కుటుంబము. ముఖమును కప్పు మాస్కు కోడు ఏ7030, దాని మెత్త ఏ7031, తలకు బిగించు పట్టీ ఏ7035, నోరు తెరచుకొనకుండ గడ్డమును బంధించు పట్టీ ఏ7036, గొట్టము ఏ7037: ఎవరి పద్దు వారిదే. మాస్కు 3 నెలలకొకటి, మెత్త నెలకొకటి, తలపట్టీ 6 నెలలకొకటి మార్చుకొనవచ్చునని వృద్ధుల ప్రభుత్వ బీమా యగు మెడికేరు శాస్త్రము పలుకగా, మార్చుకొని తీరవలయునని సరఫరాదారు ఫోను చేసి జ్ఞాపకము చేయును.

గాలిని పంపు యంత్రమును మాత్రము 13 నెలలు అద్దెకిచ్చి, పిమ్మటనే రోగి సొత్తు చేయుదురు. పన్నెండు గాక పదమూడేల యని అడుగువారు అమాయకులు. అధికమాసము వచ్చిన యేట మన పంచాంగమున పదమూడు నెలలు ఇముడును గాని, ఇంగ్లీషు కేలండరున ఇమడవు గదా! జనవరి వచ్చినంతనే డిడక్టబుల్ మరల మొదటికి వచ్చును. 2025లో అది 257 డాలర్లు. అది రోగి జేబునుండి తీరిన పిమ్మట మెడికేరువారు నూటికి 80 వంతులు భరింతురు.

అన్నిటికంటె రసవంతమైనది హాజరు ప్రకరణము. బీమా కొనసాగవలయునన్న మొదటి 3 నెలలలో ఏవేని వరుసగా 30 దినములందు నూటికి 70 వంతుల రాత్రులు, అనగా 21 రాత్రులు, రాత్రికి 4 గంటలకు తక్కువ గాకుండ యంత్రమును వాడినట్లు రుజువు కావలయును. పెక్కు ప్రైవేటు బీమా సంస్థలును ఈ సూత్రమునే శిరసావహించినవి. సాక్షులతో పనిలేదు, యంత్రములోని మోడెమే వేగులవాడై సమాచారము చేరవేయును. అయితే వాడు లెక్కించునది మాస్కు ముఖముపై నున్న గంటలే గాని, కన్ను మూసిన గంటలు కావు.

ఈ మర్మమును డల్లాసులోని మా మిత్రులొకరు గ్రహించినారు. మన దేశమున టెస్టు మ్యాచి మొదలగు వేళకు అచ్చట రాత్రి పది పదకొండు గంటలగును. ఆయన మాస్కు తగిలించి, పట్టీ బిగించి, గొట్టమును భుజముపై వైచుకొని టీవీ యెదుట కూర్చుండును. లంచి దాటి టీ విరామము సమీపించునప్పటికి హాజరు పూర్తి. నడిరేయి ఇల్లాలు లేచి వచ్చి "ఏమండీ, నిద్రపోరా?" అని యడుగగా, మాస్కులోనుండి "పోయినట్లే లెక్క" అని బొంగురు గొంతుతో బదులు వచ్చినదట. తెల్లవారి యంత్రపు యాపులో మెచ్చుకోలు, ఆఫీసులో కునికిపాట్లు!

లక్ష్మణుని నిద్రను తాను స్వీకరించి ఊర్మిళాదేవి పదునాలుగేండ్లు నిదురించెనని మన స్త్రీలు పాడుకొందురు. ఆ సాధ్వి క్లెయిమును బీమావారు తక్షణమే త్రోసిపుచ్చియుందురు: నిద్ర ఒకరిది, నిద్రించినవారు మరొకరు, పైగా ముందస్తు అనుమతి లేదు.

హాజరు చాలక తప్పినవానికి మార్గము లేకపోలేదు. వైద్యుని దర్శించి తన వైఫల్యమునకు కారణము విన్నవించుకొని, పిదప నిద్రాపరీక్షాలయమున తలకును, ఛాతికిని, కాళ్లకును తీగలు అంటించుకొని, కొత్త మంచముపై, కెమెరా గుండా ముక్కుమొగమెరుగని మనుష్యుడు చూచుచుండగా, హాయిగా నిదురించి, తనకు హాయిగా నిద్రపట్టదని మరల నిరూపింపవలయును. ఆ రాత్రికి కోడు వేరు: 95810.