ఒక ఎర్రరు వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: ఎర్రర్: టైప్ మిస్‌మ్యాచ్ బిట్వీన్ యాక్చువల్ ఆర్గ్యుమెంట్ ఎట్ (1) అండ్ యాక్చువల్ ఆర్గ్యుమెంట్ ఎట్ (2) (రియల్(4)/ఇంటీజర్(4)).

అవతారిక: ఫోర్‌ట్రాన్ 77లో వ్రాయబడి, దశాబ్దాలుగా ద్రవప్రవాహాలనో అణువుల కదలికలనో నిశ్చింతగా లెక్కగడుతూ వచ్చిన ఒక ప్రోగ్రామును, దాని కర్త పదవీవిరమణ చేసిన చాలా కాలానికి, ఒక పరిశోధక విద్యార్థి జీఫోర్‌ట్రాన్ కంపైలరుకు, అనగా ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే సాధనానికి, సమర్పించగా అది పలికిన వాక్యమిది. ఆ కంపైలరు 2020లో వెలువడిన జీసీసీ 10కి చెందినదో, అటుపిమ్మటిదో అయి ఉండవలెను. అంతకు పూర్వపు వెర్షన్లు ఇటువంటి చోట ఊరకుండుటో, వార్నింగుతో సరిపెట్టుటో చేసేవి.

ప్రతిపదార్థం: ఎర్రర్ = పని ముందుకు సాగనీయని దోషము (వార్నింగు కాదని భావం; వార్నింగులను చదివేవారు అరుదు); యాక్చువల్ ఆర్గ్యుమెంట్ = సబ్‌రొటీనును, అనగా ఉపప్రోగ్రామును, పిలిచేటప్పుడు అందించిన విలువ; ఎట్ (1), ఎట్ (2) = ఒకే సబ్‌రొటీనును పిలిచిన రెండు చోట్ల; రియల్(4) = నాలుగు బైట్ల దశాంశ సంఖ్య; ఇంటీజర్(4) = నాలుగు బైట్ల పూర్ణాంకం; టైప్ మిస్‌మ్యాచ్ = ఆ రెంటికీ జాతి కుదరకపోవుట. తరచుగా (2) పైపంక్తిని, (1) క్రిందిపంక్తిని సూచించుట క్రమభంగమే అయినను, వక్త యంత్రమగుటచేత క్షమార్హం.

తాత్పర్యం: ఒకే సబ్‌రొటీనుకు ఒకచోట దశాంశ సంఖ్యను, మరొకచోట పూర్ణాంకాన్ని ఇచ్చినారు గనుక, కనీసం ఒకటి తప్పై ఉండవలెనని కంపైలరు అభిప్రాయం. ఫోర్‌ట్రాన్‌లో సాధారణంగా విలువకు బదులు అది ఉన్న చిరునామాయే చేరుతుంది గనుక, ఆ నాలుగు బైట్లను ఏమని చదువుకోవలెనో పిలువబడిన సబ్‌రొటీనే నిర్ణయించుకుంటుంది. దశాంశరూపంలో దాచిన 1.0ను పూర్ణాంకంగా చదివితే అది 1,06,53,53,216 అవుతుంది.

శంక: అట్లయిన ఇన్నేళ్లు సరైన జవాబులు ఎట్లు వచ్చినవి?

సమాధానం: అది ప్రతి చోటా తప్పు జవాబుకు దారితీయదు. ఎంపీఐ వంటి గ్రంథాలయాల్లో, అనగా అనేక ప్రాసెసర్ల మధ్య సమాచారం పంపే సబ్‌రొటీన్ల సముదాయంలో, పంపవలసిన బైట్లు ఎక్కడున్నవో తెలిస్తే చాలు. వాటి జాతి ఏదో వేరొక ఆర్గ్యుమెంటు చెబుతుంది. “ఏ జాతియైనా సరే” అని ప్రకటించే వ్యాకరణం ఫోర్‌ట్రాన్ 77లో లేదు గనుక, పూర్వకర్తలను అజ్ఞానులనుట అన్యాయం. ఇటువంటి స్థలాలకు -ఎఫ్ఎలో-ఆర్గ్యుమెంట్-మిస్‌మ్యాచ్ అనే ఫ్లాగు, అనగా కంపైలరుకు ఇచ్చే ఆదేశం, విహితం. అది ఎర్రరును వార్నింగుగా తగ్గిస్తుంది. అయితే దానిని మేక్‌ఫైలులో, అనగా కంపైలు చేసే విధానాన్ని వ్రాసి ఉంచే ఫైలులో, ఒకసారి చేర్చినవారు తిరిగి తీయకపోవుట లోకరీతి; అటుపిమ్మట నిజమైన తప్పులు కూడా దాని నీడలో నిక్షేపంగా నివసిస్తవి.

విశేషం: ఈ వాక్యాన్ని నిందించుట తగదు, ఏలయన కంపైలరు ఏమీ పలకని దోషాలు ఇంతకంటె క్రూరం. సేవ్ అని ప్రకటించని స్థానిక చలరాశి విలువ, సబ్‌రొటీను ముగియగానే నిలువదని ఫోర్‌ట్రాన్ 77 ప్రమాణమే చెప్పినను, ఆనాటి కంపైలర్లు పెక్కు దానిని స్థిరమైన చోట ఉంచుటచేత, అది మరుసటి పిలుపు వరకు నిలిచే ఉండేది, కర్తలును దానిని నమ్ముకొన్నారు. నేటి కంపైలర్లు ఆ చోటును ఇతర విలువలకు ఇచ్చివేయగా, ప్రోగ్రాము ఏ ఫిర్యాదూ లేక నడిచి వేరొక సంఖ్యను ముద్రిస్తుంది. -ఎఫ్‌నో-ఆటోమేటిక్ అనే ఫ్లాగుతో పాత అలవాటును పునరుద్ధరించవచ్చును గాని, ముందుగా ఆ సంఖ్య మారినదని ఒకరు గమనించవలెను, అందుకు పాత యంత్రం ముద్రించిన ఫలితాలను ఎవరో ఒకరు దాచి ఉంచి ఉండవలెను.