నా మీద మోపిన నింద

నేను పాదరసాన్ని. ఇంగిలీకం రాయిని కాలిస్తే ఆవిరిగా లేచి, చల్లబడి చుక్కలుగా రాలాను. స్పెయిన్‌లోని అల్మదేన్ గనిలో రోమన్ల కాలం నుంచీ నా కోసం తవ్వారు. లోహాన్నే అయినా నీళ్లలా పారతాను. బరువు మాత్రం నీటికి 13.6 రెట్లు. నేల మీద పడితే గుండ్లు గుండ్లుగా చెదిరిపోతాను, వేలితో అదిమితే జారుకుంటాను.

ఈ జారుడు చూసే ఇంగ్లీషువాళ్లు ‘మెర్క్యూరియల్’ అనే విశేషణం పుట్టించారని చాలామంది నమ్మకం. పొద్దున నవ్వి, మధ్యాహ్నం కసిరి, సాయంత్రం రాజీనామా చేస్తానని బెదిరించే అధికారికి ఆ మాట వాడతారు.

నిజానికి అది మొదట నాది కాదు, బుధుడిది. రోమన్ల దేవుడు మెర్క్యురీకి కాళ్లకు రెక్కల చెప్పులు. వర్తకులకూ బాటసారులకూ దొంగలకూ ఆయనే దిక్కు. ఆకాశంలో చకచకా కదిలే గ్రహానికి, అంటే మన బుధుడికి, ఆయన పేరు పెట్టారు. 14వ శతాబ్దంలో ఈ విశేషణం ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు దానికి ‘బుధగ్రహ ప్రభావం ఉన్నది’ అనే అర్థం. అలాంటి జాతకుడు మాటకారి, యుక్తిపరుడు. మన జ్యోతిషమూ బుధుడికి బుద్ధి, వాక్కు, వర్తకం అప్పగించింది. శుభగ్రహాలతో చేరితే శుభుడు, పాపగ్రహాలతో చేరితే పాపి అంది. ఇలాగే ఇంగ్లీషులో ఉల్లాసిని ‘జోవియల్’ అనడం గురుడి వల్ల, ముభావిని ‘శాటర్నైన్’ అనడం శని వల్ల.

మరి నేనెలా ఇరుక్కున్నాను? రసవాదులు ఒక్కో లోహాన్ని ఒక్కో గ్రహానికి కట్టబెట్టారు. బంగారం సూర్యుడికి, ఇనుము కుజుడికి, సీసం శనికి, నన్ను బుధుడికి. తక్కినవాటికి ఇంగ్లీషులో పాత పేర్లే నిలిచాయి; నాకు గ్రహం పేరే ఖాయమైంది. 17వ శతాబ్దానికి ఆ విశేషణం చపలత్వం వైపు ఒరిగింది. దేవుడి చేష్టలకు నా జారుడు తోడు సాక్ష్యమైంది.

నిలకడ లేనిదాన్నే అయితే కొలతలకు నన్నెందుకు పిలిచారు? 1643లో టోరిసెల్లి గాలి ఒత్తిడిని నాతోనే తేల్చాడు. 1714లో ఫారెన్‌హీట్ నన్ను గాజు గొట్టంలో పోసి వేడిని కొలిచాడు. వేడి ఎంత పెరిగితే అంతే పెరుగుతాను. జ్వరం చూసే గొట్టంలోనైతే విదిలించేదాకా కిందికే దిగను.

కాబట్టి ఆ మాట వాడేవాళ్లకు నాదొక విన్నపం. ఎప్పుడూ కోపంగా ఉండేవాణ్ణి మెర్క్యూరియల్ అనకండి. వాడి కోపానికి నిలకడ ఉంది. మార్పు త్వరగా రావాలి, ముందుగా ఊహకు అందకూడదు. ఒకరోజు మైదానమంతా తానై, మర్నాడు ఎక్కడున్నాడో తెలియని ఆటగాడికి అది సరిగ్గా సరిపోతుంది, సగం మెప్పుగా, సగం దెప్పుగా. తెలుగువాళ్లు దయగలవాళ్లు. ‘కుర్రాడు పాదరసం’ అంటే చురుకైనవాడనే, అందులో దెప్పు లేదు. అదే పొగడ్తను సిఫారసు ఉత్తరంలో ‘మెర్క్యూరియల్’ అని రాస్తే ఆ కుర్రాడికి ఉద్యోగం దక్కదు.

ఒక్క విషయంలో మాత్రం నా వాదన నిలవదు. 18, 19 శతాబ్దాల్లో యూరప్‌లో టోపీలు చేసేవాళ్లు బొచ్చును నా లవణంతో పదును చేసేవారు. ఏళ్ల తరబడి నా ఆవిరి పీల్చి వాళ్ల చేతులు వణికాయి. బిడియం, చిరాకు, ఉన్నట్టుండి కోపం వాళ్లను పట్టుకున్నాయి. నేను క్షణానికో తీరుగా మారేదాన్ని కాను, కానీ మనుషుల్ని అలా మార్చాను. నా వాడకాన్ని తగ్గించడానికి 2013లో కుదిరిన మినమాటా ఒప్పందంతో దేశాలు నన్ను థర్మామీటర్ల నుంచీ తప్పిస్తున్నాయి. ఆ తీర్పు మీద నాకు అప్పీలు లేదు. విశేషణం మీద మాత్రం ఉంది: నా విషానికి శిక్ష వేయండి, బుధుడి చాపల్యానికి కాదు.