ఫ్రిజ్ చీటీకి జీర్ణసంజీవని

అవతారిక

మల్లినాథ సూరి మన మెదకు ప్రాంతపు కొల్చారం వాడు. కాళిదాసు కావ్యాలకు సంజీవని వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ఒట్టు పెట్టుకున్నాడు. హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేసి రిటైరైన నాకు ఆ ఒట్టులో మొదటి సగం సాధ్యమే. రెండో సగం సంగతి మా ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు.

వ్యాఖ్యానించబోయే గ్రంథం మా ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద ఉంది. కర్త్రి మా కోడలు. స్థలం విజయవాడ. కాలం ఏప్రిల్ నడిమి, మార్కెట్లోకి మామిడి దిగే రోజులు. తాళపత్రం మనవడి లెక్కల నోటుబుక్కులోది. మూలం ఇది:

ఉల్లి, వెల్లుల్లి నాకు వద్దు. నూనెలో వేసి తీసేస్తే పరవాలేదు.
కట్టు మీకు, పప్పు నాకు.
రెండో పెరుగు గిన్నె ముట్టుకోవద్దు.
గోధుమ మీ ఇష్టం.
ఇంగువ డబ్బా మారింది, చూసుకోండి.
ఆరు వారాలే.

గ్రంథ ప్రయోజనం: కోడలికి చాలాకాలంగా కడుపుబ్బరం, మెలిపెట్టే నొప్పి. పరీక్షలన్నీ చేయించాక డాక్టరు ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) అని తేల్చి, ఆహార నిపుణురాలి దగ్గరికి పంపారు. ఆవిడ చెప్పిన పద్ధతి పేరు ఫాడ్‌మ్యాప్. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో మొనాష్ విశ్వవిద్యాలయం వారిది. పీటర్ గిబ్సన్, స్యూ షెపర్డ్ అనే ఇద్దరు 2005లో ఆ పేరు పెట్టారు. చిన్నపేగులో సరిగా ఇంకని కొన్ని జాతుల పిండి, చక్కెర పదార్థాలు పెద్దపేగుకు చేరతాయి. అక్కడి సూక్ష్మజీవులు వాటిని పులియబెడితే గాలి పుడుతుంది. గాలి అందరి కడుపులోనూ పుడుతుంది, నా కడుపులో కాస్త ఎక్కువే. కొందరి పేగు ఆ గాలిని నొప్పిగా చదువుతుంది. అందుకని కొన్నాళ్లు అనుమానితులందర్నీ బయటికి పంపి, తరవాత ఒక్కొక్కర్నే లోపలికి పిలిచి విచారించడం ఈ పద్ధతి.

ప్రథమ సూత్రం

ప్రతిపదార్థం: ఉల్లి = ఎర్రది, తెల్లది, సాంబారులో వేసే చిన్నది అను భేదము లేక సమస్తమైన ఉల్లిపాయయు; వెల్లుల్లి = రెబ్బగాను, పేస్టుగాను, కూరకారంలో దంచి కలిపినదిగాను మూడు వేషములలో సంచరించునది; నాకు = వండి వడ్డించు నాకు; వద్దు = తినను అని అర్థము, వండను అని కాదు; నూనెలో వేసి తీసేస్తే = కాగిన నూనెలో రెబ్బలు ఎర్రబడు దాకా ఉంచి చిల్లుల గరిటెతో పైకి తీసినచో; పరవాలేదు = ఆ నూనె తినదగినది.

తాత్పర్యం: స్పష్టం. కానీ మా ఇంట్లో స్పష్టమైనదానికే చర్చ ఎక్కువ.

పూర్వపక్షం మా ఆవిడది. “పులుసులో ముక్కలు పక్కకి నెట్టేసి తినమ్మా, పాపం రుచైనా ఉంటుంది” అంటుంది. నూనెలో వేసి తీస్తే పనికొచ్చే వెల్లుల్లి, పులుసులో వేసి తీస్తే ఎందుకు పనికిరాదు? న్యాయమైన ప్రశ్నే. సిద్ధాంతం: ఉల్లిలోనూ వెల్లుల్లిలోనూ దోషం ఫ్రక్టాన్లనే జాతిది. అవి నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. పులుసులోంచి ముక్క తీసేసినా దోషం పులుసులోకి దిగిపోయే ఉంటుంది. నూనెలోకి దిగేది వాసన ఒక్కటే. కాబట్టి ఒకే రెబ్బ పోపులో నిర్దోషి, చారులో ముద్దాయి. తడి లేకుండా నూనెలో వేయించి తీయడమే ఇక్కడ కిటుకు. అలా కాచిన నూనెను సీసాలో పోసి అలమరలో దాచడం మాత్రం కూడదు. గాలి ఆడని నూనెలో వెల్లుల్లి వెంట వచ్చిన బాటులిజం సూక్ష్మజీవి విషం పుట్టించగలదు. ఏ పూటకా పూట కాచుకోవాల్సిందే.

సూత్రంలో చెప్పనిదొకటి: ఉల్లికాడల ఆకుపచ్చ భాగం తినవచ్చు, తెల్లని మొదలు కోసేయాలి. మొదలు మా పెసరట్టులోకి వచ్చింది.

ఇప్పుడు “నాకు” అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. ఆదివారం గుత్తివంకాయ. మా కోసం ఉల్లి, వెల్లుల్లి, ధనియాలు వేయించి నూరిన ముద్ద. తన కోసం ముందే నాలుగు లేత వంకాయలు విడిగా ఎంచి, అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర నూరి కూరిన ముద్ద. రెండు మూకుళ్లు, రెండు గరిటెలు. మా మూకుట్లోంచి చుక్క అరచేతిలో వేసుకుని నాలికకు రాసుకుని ఉప్పు చూసింది. మా ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుని “అయ్యో, తినేశావా!” అంది. “చుక్కతో ఏం కాదత్తయ్యగారూ, ఇది మడి కాదు, మోతాదు” అంది కోడలు.

ఈ వాక్యం మూలంలో లేదు. అయినా మొత్తం మూలానికి తాళంచెవి ఇదే కనక ఉదాహరిస్తున్నాను. అలర్జీ అయితే వేరే కథ, అక్కడ వేరుశనగ పలుకు ఒకటి చాలు ఆసుపత్రికి పరుగెత్తడానికి. ఇది అసహనం. కొంత పడుతుంది, కొంత దాటితే పడదు. మా ఇళ్లలో తిండి నిషేధమంటే మడి ఉంది, పథ్యం ఉంది, కార్తీకమాసం ఉంది. అన్నీ “ముట్టుకున్నావా, లేదా” అని అడుగుతాయి. “ఎంత?” అని అడిగే నిషేధం వంటింటికి కొత్త.

మా ఆవిడ రెండో వాదం: “అయితే ఇది కార్తీకమాసపు వంటే కదా. ఉల్లి, వెల్లుల్లి లేకుండా నెల రోజులు వండటం మనకి రాదా?” వస్తుంది. ఆ మాటకొస్తే మా ఆవిడ చేసే ఆవ పెట్టిన అరటికాయ కూర ముందు ఏ ఉల్లి మసాలా నిలవదు. కానీ లక్షణంగా చూస్తే ఈ నిర్వచనంలో రెండు దోషాలున్నాయి. కార్తీకం ముద్దపప్పును, పాయసంలో పాలను ఆపదు, ఈ పద్ధతి ఆపుతుంది. అది అవ్యాప్తి. కార్తీక సోమవారం ఉపవాసం పగలంతా అన్నాన్ని ఆపుతుంది, ఈ పద్ధతిలో అన్నమంత నిక్షేపమైన తిండి లేదు. అది అతివ్యాప్తి. ఉల్లి తామసమనేది ఒక శాస్త్రం, ఉల్లిలో ఫ్రక్టాన్లు ఉన్నాయనేది మరో శాస్త్రం. రెండూ ఒక గుమ్మం దగ్గర కలిశాయంతే.

ద్వితీయ సూత్రం

“కట్టు మీకు, పప్పు నాకు” అన్నది మొదటిసారి చదివినప్పుడు ఇంట్లో కాసేపు మౌనం. “పప్పంతా తనకి, నీళ్లు మనకా?” అని మా ఆవిడ నన్ను పక్కకు పిలిచి అడిగింది. వ్యాఖ్యాత అవసరం ఇలాంటి చోటే.

కంది, శనగ, పెసర, ఏ పప్పులోనైనా దోషం గాలక్టాన్లనే మరో జాతిది. అవీ నీళ్లలో కరిగేవే. ప్రెషర్ కుక్కర్లో పప్పు పోసిన నీళ్లన్నీ తాగేస్తుంది కనక దోషం ఎక్కడికీ పోదు, మెదిపిన ముద్దలోనే ఉంటుంది. అందుకని కోడలు కందిపప్పు రాత్రి నానేసి, ఆ నీళ్లు పారబోసి, పొద్దున గిన్నెలో ఎసరు ఎక్కువ పెట్టి, మూత ఓరగా పెట్టి ఉడికిస్తుంది. పలుకు మెత్తబడి ఇంకా చితకని సమయాన, గంజి వార్చినట్టు వార్చేస్తుంది. దోషంలో చాలా భాగం కట్టులోకి పోతుంది, అంతా పోదు. మిగిలిన పప్పులోంచి తనకి చిన్న గరిటెడు. తక్కిన పప్పు మాకే. కట్టు పూర్తిగా మాకే.

ఆ కట్టు ఏమైందో చెప్పకపోతే వ్యాఖ్యానం అసంపూర్తి. చింతపండు రసం, మిరియాలు, జీలకర్ర, కరివేపాకు, ఇంగువ పోపు వేసి మా ఆవిడ కట్టుచారు పెట్టింది. మా ఇంట్లోకి కుక్కరు వచ్చిన రోజున కట్టుచారు వెళ్లిపోయింది. వార్చేవాళ్లు లేకపోతే కట్టు ఎక్కడిది? పైకి సన్నగా, పసుప్పచ్చగా తేరి, అడుగున కాస్త పప్పు మడ్డి పేరుకున్న ఆ చారు నేను రెండుసార్లు వడ్డించుకున్నాను. మనవడు గ్లాసులో పోయించుకు తాగాడు. కోడలి కడుపులోకి వెళ్లకూడనిదేదో సరిగ్గా అదే మా చారులో రుచి. ఈ సూత్రంలో స్వార్థదోషం ఉందన్న శంక ఆ పూటతో పోయింది. మా ఆవిడ ఆ గిన్నె అడుగు వంచుతూ, “ఆరు వారాలయ్యాక కూడా ఇలాగే వార్చవచ్చుగా” అంది.

తృతీయ సూత్రం

ఇక్కడ పాఠాంతరం ఉంది. చీటీ మీద నీటిచుక్క పడి “రెండో” అన్న మాట అలుక్కుపోయింది. మనవడు మిగిలినది చదివి, ఇంట్లో ఉన్న పెరుగంతా నిషిద్ధమని ప్రకటించాడు. ఆ రాత్రి మా అబ్బాయి పెరుగన్నం లేకుండా లేచాడు. కావ్యపరిష్కర్తలు ఇటువంటి చోట్ల చేయలేనిది నేను చేశాను, కర్త్రినే అడిగాను.

రెండో గిన్నెలోది లాక్టోజు తీసేసిన పాలతో తోడేసిన పెరుగు. నిజానికి తీసేయడం కాదు. పాలలోని లాక్టోజును చిన్నపేగు విరవలేకపోతే, ముందే లాక్టేజు అనే ఎంజైము కలిపి గ్లూకోజు, గాలక్టోజులుగా విరిచి అమ్ముతారు. విరిగిన చక్కెరలు నాలికకు ఎక్కువ తీపి. అందుకే ఆ పాలతో కాఫీకి పంచదార తగ్గించాల్సి వచ్చింది. లోకంలో పెద్దవాళ్లలో ఎక్కువమందికి ఈ ఎంజైము వయసుతో తగ్గేదే. మనకు పాలు పడకపోయినా పెరుగు పడటానికి కారణం, తోడులోని సూక్ష్మజీవులు కొంత లాక్టోజు తామే తినేసి మిగిలినదానికీ సాయం చేయడం.

ముట్టుకోవద్దు అన్న క్రియను మా ఆవిడ మడి అర్థంలో గ్రహించి, ఆ గిన్నెను పై అరలో విడిగా పెట్టి, మీద తెల్ల గుడ్డ కప్పింది. కర్త్రి ఉద్దేశం అంత పవిత్రమైంది కాదు. ఆ పాలు ఖరీదు, పొద్దునకి మిగలాలి. నెయ్యి విషయం చీటీలో లేదు. కాచి వడకట్టిన నెయ్యిలో లాక్టోజు లేనట్టే కనక ఆ ఒక్క విషయంలో ఇల్లంతా ఒకే పంక్తి.

చతుర్థ సూత్రం

గోధుమలోనూ ఉన్నది ఆ ఫ్రక్టాన్లే, కనక చపాతీలు మాకు, అన్నం తనకి. ఒక్క మాట మాత్రం చెప్పాలి. గోధుమ మానేయదలచినవాళ్లు మానకముందే సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడని జబ్బు) రక్తపరీక్ష చేయించుకోవాలి. మానేశాక చేయిస్తే జబ్బున్నా బయటపడకపోవచ్చు. కోడలికి ముందే చేశారు, లేదని వచ్చింది.

పంచమ సూత్రం

మార్కెట్లో దొరికే ఇంగువ పొడి ఒట్టి ఇంగువ కాదు. అసలు జిగురు ఘాటుకు తట్టుకోలేం కనక బంకతోనూ పిండితోనూ కలిపి అమ్ముతారు. ఆ పిండి చాలా డబ్బాల్లో మైదా, కొన్నిటిలో బియ్యప్పిండి. డబ్బా మారింది అందుకే. ఇంగువ ఎక్కువగా అఫ్ఘనిస్తాన్, ఇరాన్ వంటి దేశాల నుంచే వస్తుంది. 2020లో హిమాచల్ లోని లాహౌల్ లోయలో మన శాస్త్రవేత్తలు మొదటిసారి మొక్కలు నాటించారు. (మల్లినాథుడు క్షమించుగాక.)

చిటికెడు ఇంగువలో ఎంత మైదా ఉంటుంది? దాదాపు ఏమీ ఉండదు. మడి కాదు మోతాదు అన్న కర్త్రే ఇక్కడ మడి పాటించిందా అని ఆక్షేపణ రావచ్చు. సమాధానం: ఉల్లి లేని కూరకు ఇంగువే దిక్కు. వాడకం చిటికెడు నుంచి పెరిగింది. నొప్పి వస్తే దేన్ని అనుమానించాలో తెలియాలి కదా. సాక్షుల్ని తగ్గించుకోవడం విచారణకు మంచిది.

షష్ఠ సూత్రం

ఆరు = ఆరు; వారాలు = వారములు; ఏ = అవధారణార్థకము. గ్రంథం మొత్తంలో కష్టమైన అక్షరం ఇదే. ముగ్గురు మూడు రకాలుగా చదివారు.

మా వాడు ఓదార్పుగా చదివాడు. ఆరంటే ఎంత, ఇట్టే గడిచిపోతాయన్నాడు. రెండు పూటలా రెండు మూకుళ్లు తోమేది అతను కాదు కనక ఆ పాఠం అతనికి సుఖం.

మా ఆవిడ తిరగేసి చదివింది. మూడో వారానికే కోడలికి ఉబ్బరం తగ్గింది, రాత్రి నిద్ర పడుతోంది. “సుఖంగా ఉందిగా, ఇక ఇలాగే ఉండిపోమ్మా. ఆరేమిటి, అరవై అయినా వండిపెడతాను” అంది. ఆ మాటలో ప్రేమ ఉంది. కోడలికీ అలాగే అనిపించిందని, నొప్పి లేని కడుపుతో మళ్లీ ఉల్లిపాయ జోలికి వెళ్లాలంటే భయంగా ఉందని తరవాత నాతో అంది.

కర్త్రి ఉద్దేశించిన అర్థం మూడోది: ఆరు దాటకూడదు. మొనాష్ వారి పద్ధతిలో ఈ మొదటి అంకం రెండు నుంచి ఆరు వారాలు. ఇది చికిత్స కాదు, విచారణకు ముందు ఖాళీ చేసిన సభ. గడువు ఎందుకంటే, బయటికి పంపిన ఆ ఫ్రక్టాన్లు, గాలక్టాన్లే పేగులోని మంచి సూక్ష్మజీవులకు ఆహారం. ఎక్కువకాలం ఆపితే అవి తగ్గిపోతాయి. పైగా పడని తిండి ఏదో తెలియకుండానే పడేదాన్ని కూడా జీవితాంతం వదులుకున్నట్టవుతుంది. మడికి గడువు ఉండదు, దీనికి ఉంది. అందుకే ఆ “ఏ”.

ఇక మిగిలింది రెండో అంకం. ఒక్కో జాతికి ఒక్కో ప్రతినిధిని ఎన్నుకుని, మొదటి రోజు కొంచెం, రెండో రోజు మరికాస్త, మూడో రోజు మామూలు వడ్డనంత తిని, తరవాత కొద్ది రోజులు ఆగి చూడాలి. ఆ లోపల మరో అనుమానితుణ్ణి పిలవకూడదు. ఎవరిని ముందు పిలవాలన్నదాని మీద ఇంట్లో ఏకాభిప్రాయం లేదు. మా ఆవిడ ఉల్లి అంటోంది, ఒకే మూకుడు రోజులు తొందరగా వస్తాయని. మా వాడు పాలు అంటున్నాడు. కోడలు మామిడి అంది. ఫ్రక్టోజుకు అది సరైన ప్రతినిధి, పైగా ఉల్లిపాయ ఏడాదంతా దొరుకుతుంది, మామిడి జూన్ దాటితే దొరకదు. నా ఓటు కోడలికే.

ఏ మామిడి అన్నది మిగిలింది. నాకు నూజివీడు చిన్న రసాలంటే ప్రాణం. కానీ పిసికి జుర్రుకునే పండును మొదటి రోజు ఇంత, రెండో రోజు అంత అని తూచడం ఎలాగ? కనక బంగినపల్లి. చెక్క కోసి, ముక్కలు చేసి, తక్కెడలో పెట్టి చూడవచ్చు. రేపు పొద్దున పటమట రైతు బజారుకి నేనే వెళుతున్నాను. తూచగా మిగిలిన పండు ఎవరిదన్నది చీటీలో రాయలేదు, నేనూ అడగలేదు.